కైలాసగిరి గాజు వంతెన

విశాఖపట్నం కైలాసగిరి మీద, కొండ అంచు దాటి సముద్రం వైపు గాల్లోకి చొచ్చుకెళ్లిన గాజు నేల నడకదారి ఇది. ఊళ్లో వాడుక మాట గ్లాస్ బ్రిడ్జి. పత్రికలు స్కైవాక్ అనీ, అద్దాల వంతెన అనీ కూడా రాస్తాయి. విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) ప్రైవేటు భాగస్వామ్యంతో సుమారు 7 కోట్ల రూపాయల ఖర్చుతో దీన్ని కట్టించింది. 2025 డిసెంబరు 1న విశాఖ ఎంపీ శ్రీభరత్ ప్రారంభించారు. ఒక్క కొస ఆధారంతో నిలబడే గాజు నడకదారుల్లో దేశంలోకెల్లా పొడవైనదిగా దీన్ని ప్రచారం చేశారు.

పేరులోనే చిన్న పేచీ ఉంది. వంతెన అంటే రెండు ఒడ్లు ఉండాలి. దీనికి ఉన్నది ఒకటే ఒడ్డు. అవతల గట్టు లేదు, బంగాళాఖాతం ఉంది. ఎక్కినవాళ్లు కొస దాకా వెళ్లి మళ్లీ కొండ మీదికే రావాలి. కట్టడాల భాషలో ఇది వంతెన కాదు, బాగా పొడుగైన సజ్జా. అయినా జనం నోట పడ్డ మాటే చెల్లుబాటు అవుతుంది కాబట్టి ఈ వ్యాసంలోనూ వంతెన అనే పిలుద్దాం.

స్థలం

విశాఖలో ఎక్కడికి వెళ్లాలన్నా దారి అడిగితే ముందు ద్వారకా నగర్ పేరు వస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్సు ఉన్నది అక్కడే, దాని అసలు పేరు ద్వారకా బస్ స్టేషన్. పౌర గ్రంథాలయం, బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు అన్నీ ఆ నాలుగు వీధుల్లో కిక్కిరిసి ఉంటాయి. తల పైకెత్తితే కనిపించేది ఆకాశం కాదు, హోర్డింగులు. అక్కడి నుంచి 10కె బస్సు కైలాసగిరికి వెళ్తుంది. బీచ్ రోడ్డు మీదికి వచ్చాక కుడివైపంతా సముద్రమే. లాసన్స్ బే, అప్పూఘర్, తెన్నేటి పార్కు దాటే దారిలో ఎడమ చేతి వైపు లేచే కొండే కైలాసగిరి.

కొండ మీద పార్కును అభివృద్ధి చేసింది అప్పటి నగరాభివృద్ధి సంస్థ వుడా. 2018లో వుడా వీఎంఆర్‌డీఏగా మారింది. దాదాపు 380 ఎకరాల విస్తీర్ణం, తెల్లటి శివపార్వతుల విగ్రహాలు, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, రోప్‌వే ఇవన్నీ పాతకాపులు. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లలో శివపార్వతుల ముందు ఫొటో దిగని కుటుంబం అరుదు. ఇటీవల జిప్‌లైన్, తీగ మీద తొక్కే స్కై సైకిల్ వచ్చాయి. వాటి వెనకాలే గాజు వంతెన వచ్చింది.

ఈ కొండ జాతకంలో ఒక తేదీ తప్పకుండా చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూగా గాలులు వీచాయి. కైలాసగిరి మీద ఏళ్ల తరబడి పెంచిన పచ్చదనం ఒక్క పగటిపూట మోడుబారింది. అదే కొండ అంచున, అదే సముద్రానికి ఎదురుగా, గాజు పరిచిన ఉక్కు కట్టడాన్ని నిలబెట్టారు. గంటకు 250 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా రూపొందించామని కట్టినవాళ్లు చెప్పారు. విశాఖవాసి ఆ మాట వినగానే మనసులో హుద్‌హుద్‌తో పోల్చి చూసుకుంటాడు. అది సహజం, అవసరం కూడా.

ఎత్తు, పొడవు అనే అంకెలు

ఇలాంటి కట్టడాల గురించి రాసేటప్పుడు మొదట దొరికేవి అంకెలే, మొదట అనుమానించవలసినవీ అంకెలే. కైలాసగిరి వంతెన పొడవు ఒకచోట 50 మీటర్లు, మరోచోట 55 మీటర్లు అని కనిపిస్తుంది. ఎత్తు విషయంలో 862 అడుగుల అంకె బాగా ప్రచారమైంది. కైలాసగిరి కొండ ఎత్తు మాత్రం సాధారణంగా 173 మీటర్లుగా, అంటే దాదాపు 568 అడుగులుగా నమోదై ఉంది. ఒకే కొండకు ఈ రెండు అంకెలూ ఎలా అతుకుతాయో ప్రకటన బోర్డుల మీద ఎవరూ వివరించరు. ఎత్తును ఎక్కడి నుంచి కొలిచారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. సముద్ర మట్టం నుంచి ఒక లెక్క, కొండ పాదం నుంచి ఒక లెక్క, గాజు పలక కింద నిట్టనిలువుగా దారం వదిలితే అది ఎక్కడ తగులుతుందో అది మూడో లెక్క. నిలబడ్డ మనిషి కాళ్ల కింద ఉండేది ఈ మూడోదే. ప్రచారంలో దాని ఊసుండదు.

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. ఈ జాతి కట్టడాలకు పెద్దన్న లాంటి అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ స్కైవాక్ 4,000 అడుగుల ఎత్తున ఉందని పోస్టర్లు చెబుతాయి. నిజానికి ఆ అంకె లోయ అడుగున ఎక్కడో దూరంగా పారే కొలరాడో నదిని లెక్కలో వేసుకున్నది. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఆ నడకదారి కింద నిటారుగా ఉన్న లోతు 500 నుంచి 800 అడుగులు మాత్రమే.

బలం విషయంలోనూ ఇదే ధోరణి. కైలాసగిరి వంతెన 500 టన్నుల బరువు మోస్తుందని, ఒక విడతకు 40 మందినే అనుమతిస్తారని చెప్పారు. మనిషికి 70 కిలోల చొప్పున వేసుకున్నా 40 మంది కలిసి మూడు టన్నులు కారు. గ్రాండ్ కాన్యన్ స్కైవాక్ నిండుగా ఉన్న 71 జంబో విమానాల బరువు మోయగలదని చెప్పుకుంటుంది, మనుషులను మాత్రం ఒకేసారి 120 మందికి మించి ఎక్కనివ్వదు. ఈ రెండు అంకెల్లో చూడడానికి వచ్చినవాడికి పనికొచ్చేది రెండోదే. 500 టన్నులు ధైర్యం చెప్పడానికి. 40 మంది అన్నది రోజూ గేటు దగ్గర ఎవరో ఒకరు తలలు లెక్కపెట్టి అమలు చేయవలసిన నియమం. గాజు నడకదారులు ఎక్కడెక్కడ ఇబ్బందుల్లో పడ్డాయో చూస్తే, చాలాచోట్ల సమస్య మోసే బరువు దగ్గర కాక గేటు దగ్గరే మొదలైందని తెలుస్తుంది.

ఒక్క కొస ఆధారం

ఈ నిర్మాణ పద్ధతిని ఇంజనీర్లు కాంటిలివర్ అంటారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పుడు ప్రతి నూతి దగ్గరా కనిపించిన ఏతాన్ని గుర్తు చేసుకుంటే సగం విషయం అర్థమవుతుంది. పొడవాటి దూలం ఒక కొసన బాన, రెండో కొసన బరువు, మధ్యలో ఆధారం. బాన వైపు బరువు పెరిగితే ఇవతలి వైపు అంతకు తగ్గ పట్టు ఉండాలి. గాజు నడకదారిలో బాన వైపు ఉండేది గాల్లో నిలిచిన మనుషులు, గాజు, ఉక్కు. ఇవతలి వైపు ఉండేది కొండ. కొండ రాతిలోకి, కాంక్రీటు పునాదిలోకి దిగిన ఉక్కు ఆ బరువును కిందికి లాగి పట్టుకుంటుంది. కంటికి కనిపించని ఆ వెనక భాగమే అసలు కట్టడం.

ఇళ్లు కట్టించినవారికి ఇంకో ఉదాహరణ తెలిసే ఉంటుంది. మామూలు స్లాబులో ముఖ్యమైన ఇనుము కింది వైపు వేస్తారు. కిటికీ మీది సన్‌షేడ్‌కు మాత్రం పైవైపు వేయాలి, ఎందుకంటే సన్‌షేడ్ వంగినప్పుడు సాగేది పైభాగం. ఈ తేడా తెలియని మేస్త్రి చేతిలో పడ్డ సన్‌షేడ్ సెంట్రింగ్ తీసిన రోజే కింద పడుతుంది. గాజు నడకదారికీ అదే సూత్రం. కొస నుంచి వెనక్కి వచ్చేకొద్దీ భారం పెరుగుతూ, కొండలో కలిసే చోట పతాక స్థాయికి చేరుతుంది.

పొడవు పెంచడం ఎంత ఖరీదైన సరదానో ఒక చిన్న లెక్క చెబుతుంది. దూలం అంతటా సమానంగా బరువు ఉన్నప్పుడు, కొండలో కలిసే మొదలు దగ్గర పడే వంపు భారం పొడవు వర్గంతో పాటు పెరుగుతుంది. కొస కిందికి వాలడం పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 40 మీటర్ల దూలాన్ని మరేమీ మార్చకుండా 55 మీటర్లకు పొడిగిస్తే మొదలు దగ్గర భారం దాదాపు రెట్టింపవుతుంది, కొస వాలు మూడున్నర రెట్లవుతుంది. అందుకే కేరళ వాగమణ్‌లోని 40 మీటర్ల వంతెనను కైలాసగిరి 15 మీటర్లతో దాటిందన్నది వినడానికి చిన్న మాటే గానీ, ఉక్కు తూకంలో చిన్న మాట కాదు.

ఊగడం మరో సంగతి. పొడవాటి సన్నని కట్టడాలు మనుషుల అడుగులకు స్పందిస్తాయి. అందరి అడుగూ ఒకే లయలో పడితే ఊపు పెరుగుతుంది. 2000లో లండన్ మిలీనియం వంతెన తెరిచిన రోజే పక్కలకు ఊగితే రెండు రోజుల్లో మూసి, షాక్ అబ్జార్బర్ల లాంటి సాధనాలు అమర్చి మళ్లీ తెరవవలసి వచ్చింది. గ్రాండ్ కాన్యన్‌లో ఉక్కు పెట్టెల లోపల ఊపును మింగే బరువులు ముందే పెట్టారు. గాజు నేల మీద ఊగిసలాట ఉక్కుకు ప్రమాదం కాకపోయినా, నిలబడ్డ మనిషి గుండెకు మాత్రం మంచిది కాదు.

సముద్రం పక్కన ఉన్నందుకు విశాఖ వంతెనకు ఒక శత్రువు అదనం. అది ఉప్పుగాలి. బీచ్ రోడ్డు ఫ్లాట్లలో కిటికీ గ్రిల్స్‌కు, ఏసీ డబ్బాలకు ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడ కాపురమున్నవాళ్లను అడిగితే చెబుతారు. కొండల మధ్య ఉన్న వంతెనలకు ఈ బాధ తక్కువ. ఇక్కడ రంగు, బోల్టులు, అతుకులు ఎప్పటికప్పుడు చూసుకోవలసిందే. ప్రారంభోత్సవానికి వచ్చిన కెమెరాలు ఆ పనికి రావు.

గాజు కథ

కైలాసగిరిలో వాడింది జర్మనీ నుంచి తెచ్చిన 40 మిల్లీమీటర్ల మందం, మూడు పొరల టెంపర్డ్ లామినేటెడ్ గాజు అని ప్రకటించారు. టెంపర్డ్, లామినేటెడ్ అన్నవి రెండు వేర్వేరు సంగతులు. రెండూ రోజూ మన కళ్ల ముందు కారులోనే ఉంటాయి.

కారు పక్క అద్దం టెంపర్డ్. గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్ పైకి కాల్చి, రెండు వైపులా చల్లగాలి కొట్టి హఠాత్తుగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లబడుతూ కుంచించుకుపోతూ పైపొరను బిగించి పట్టుకుంటుంది. ఆ బిగింపు వల్ల మామూలు గాజుకు నాలుగైదు రెట్ల బలం వస్తుంది. పగిలినప్పుడు కత్తుల్లాంటి పెంకులు కాకుండా పటిక బెల్లం ముక్కల్లా పొడి అవుతుంది. ఒకసారి టెంపర్ చేశాక ఇక దాన్ని కోయలేరు, బెజ్జం వేయలేరు. కొలతలన్నీ ముందే తేల్చుకోవాలి.

కారు ముందు అద్దం లామినేటెడ్. రెండు గాజు పొరల మధ్య జిగురు లాంటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. రాయి తగిలితే బీటలు వారుతుంది గానీ రాలిపోదు. 1903లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఒక సీసా కింద పడి, ముక్కలు చెదరకుండా అలాగే నిలిచిందట. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టుకుంది. ఆయన ఆ చిట్కాకు 1909లో పేటెంటు తీసుకున్నారు. నేడు లోయల మీద నడిచేవాళ్లు ఆ జారిన సీసాకు ఎంతో కొంత రుణపడి ఉన్నారు.

నడక గాజులో ఈ రెండు గుణాలనూ కలుపుతారు. టెంపర్ చేసిన పలకలను జిగురు పొరలతో ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. పై పొర పగిలినా కింది పొరలు మనిషిని మోయాలి, ఈలోగా పలకను మార్చాలి. పై పొర అరుగుతుంది, గీతలు పడతాయి, కాబట్టి దాన్ని ఖర్చయ్యే పొరగానే లెక్కేస్తారు. చాలాచోట్ల సందర్శకుల బూట్లకు గుడ్డ తొడుగులు వేయించేది ఆ గీతలు తప్పించడానికే. 40 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు దాదాపు వంద కిలోలు తూగుతుంది. మనం తేలిగ్గా, ఏమీ లేనట్టు అనుకునే ఆ నేల నిజానికి గ్రానైటు బండంత బరువు.

గాజులో ఒక దొంగ దోషం ఉంది. తయారీలో కంటికి కనిపించనంత చిన్న నికెల్ సల్ఫైడ్ కణం చిక్కుకుంటే, అది ఏళ్ల తర్వాత మెల్లగా ఉబ్బి, ఎవరూ తాకకుండానే టెంపర్డ్ పలకను పగలగొట్టగలదు. అందుకే మంచి తయారీదారులు పలకలను ముందుగానే కొన్ని గంటలు వేడిలో ఉంచి, పగిలేవి అక్కడే పగిలేలా చూస్తారు. గట్టి గాజు, అతికించిన పొరలు, వేడి పరీక్ష మూడూ ఉంటే గాజు నేలకు భయపడనక్కర్లేదు. ఏ ఒక్కటి తగ్గినా భయపడాల్సిందే.

కాళ్లు ఎందుకు వణుకుతాయి

గాజు బలమైనదని తెలిసి కూడా మొదటి అడుగు దగ్గర మనిషి ఆగిపోతాడు. ఈ విషయం మీద జరిగిన ప్రయోగాల్లో పేరుపొందినది 1960లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ ప్రచురించినది. ఒక బల్ల మీద దళసరి గాజు పరిచి, సగానికి కింద గళ్ల గుడ్డను ఆనించి, మిగతా సగానికి ఆ గుడ్డను కింద నేల మీద వేశారు. చూడడానికి అక్కడ గొయ్యి ఉన్నట్టు ఉంటుంది. ఆరు నుంచి పద్నాలుగు నెలల వయసున్న 36 మంది పసివాళ్లను మధ్యలో ఉంచి, తల్లులతో అవతలి వైపు నుంచి పిలిపించారు. పాకిన 27 మందిలో ముగ్గురు మాత్రమే గొయ్యి వైపు వెళ్లారు. గాజును అరచేత్తో తట్టి చూసి కూడా వెనక్కి తగ్గిన పిల్లలున్నారు. చేయి చెప్పినదాన్ని కన్ను నమ్మలేదు. కైలాసగిరి గేటు దగ్గర నిలబడి చూస్తే, నలభై ఏళ్ల పెద్దమనుషులు అచ్చం ఆ పసివాళ్లలాగే ముందు కాలి బొటనవేలితో గాజును తడిమి చూసుకోవడం కనిపిస్తుంది.

దీనికి శరీరంలో కారణం ఉంది. నిటారుగా నిలబడడానికి మనం చెవి లోపలి తూకం యంత్రాన్ని, అరికాళ్లను, కళ్లను కలిపి వాడతాం. దగ్గర్లో కదలకుండా ఉన్న వస్తువులను చూస్తూ కన్ను మన ఊగును సరిచేస్తుంది. కాళ్ల కింద దగ్గరి వస్తువు ఏదీ లేకపోతే కన్ను ఆ పని చేయలేదు, శరీరం ఎక్కువ ఊగుతుంది, ఆ ఊగును మెదడు ప్రమాదంగా చదువుతుంది. రైలింగు పట్టుకోగానే సగం భయం తగ్గడం ఇందుకే. చేతికి ఒక కదలని ఆధారం దొరికింది. దూరాన ఉన్న దిగంతాన్ని చూడమని గైడ్లు చెప్పేది కూడా కన్నుకు నిలకడ కోసమే.

మ్యూనిక్ పరిశోధకులు వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు పెట్టి చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఎత్తు భయం 20 నుంచి 40 మీటర్ల మధ్య గరిష్ఠానికి చేరి, ఆ పైన పెరగడం ఆగిపోతుంది. ఈ ఒక్క ఫలితం చాలు, పోస్టర్ల మీది అంకెలను పక్కన పెట్టడానికి. 568 అడుగులైనా 862 అడుగులైనా 4,000 అడుగులైనా కాలికి ఒకటే.

ఇతర దేశాల అనుభవం

గ్రాండ్ కాన్యన్ స్కైవాక్ 2007 మార్చిలో తెరుచుకుంది. అది జాతీయ ఉద్యానవనంలో లేదు. పశ్చిమ అంచున హువాలపాయ్ అనే ఆదివాసీ తెగ సొంత భూమిలో ఉంది. ఆలోచన, పెట్టుబడి లాస్ వేగాస్ వ్యాపారి డేవిడ్ జిన్‌ది. చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్ ప్రారంభ వేడుకలో ముందు నడిచాడు. లోయ అంచు నుంచి 70 అడుగులు ముందుకు వచ్చిన నడకదారి అది. తర్వాత ఆదాయం పంపకంలో తెగకూ వ్యాపారికీ మధ్య పెద్ద వ్యాజ్యం నడిచింది. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లిన మన ఊరి పెద్దలను లాస్ వేగాస్ చూపించాక మర్నాడు తీసుకెళ్లే చోటు తరచుగా ఇదే. చాలా ఏళ్లు అక్కడ సొంత కెమెరాలు, ఫోన్లు పట్టుకెళ్లనిచ్చేవారు కాదు, ఫొటో కావాలంటే వాళ్ల దగ్గరే కొనుక్కోవలసి వచ్చేదని మనవాళ్లు నొచ్చుకునేవారు. ఆ నియమానికి ఒక కారణం గాజు మీద ఫోన్లు పడితే గీతలు పడడం, ఇంకో కారణం వ్యాపారం.

గాజు వంతెనల వెర్రిని తారస్థాయికి తీసుకెళ్లింది చైనా. హునాన్ రాష్ట్రం ఝాంగ్‌జియాజియె దగ్గర 430 మీటర్ల పొడవు, లోయ అడుగుకు 300 మీటర్ల ఎత్తున వంతెన 2016 ఆగస్టు 20న తెరిచారు. ముందుగా సుత్తులతో గాజును బాదించి, దాని మీద కారు నడిపించి మరీ జనానికి ధైర్యం చెప్పారు. గాజు బీటలు వారింది గానీ కూలిపోలేదు. కానీ రోజుకు 8,000 మంది కోసం సిద్ధం చేసిన ఏర్పాట్ల మీదికి దానికి పదింతల జనం ఎగబడడంతో పదమూడు రోజులకే మూసేయవలసి వచ్చింది. సుత్తి చేయలేని పని గుంపు చేసింది.

గాలి చేసిన పని ఇంకొకటి. 2021 మేలో చైనా ఈశాన్యాన జిలిన్ రాష్ట్రం పియాన్ కొండ మీది గాజు వంతెన పలకలు గంటకు 150 కిలోమీటర్ల ఈదురుగాలికి లేచిపోయాయి. ఒక సందర్శకుడు మధ్యలో చిక్కుకుని రైలింగు పట్టుకుని ఉండిపోయాడు, చివరకు క్షేమంగా బయటపడ్డాడు.  అంతకు ముందే హెబెయి రాష్ట్రం భద్రత తనిఖీల్లో భాగంగా 32 గాజు వంతెనలు, నడకదారులు, వ్యూ పాయింట్లను మూసివేసింది.

అన్నిటికంటే విషాదం ఇండొనేషియాలో జరిగింది. 2023 అక్టోబరులో మధ్య జావా బన్యుమాస్ దగ్గర పైన్ తోటలో ఉన్న చిన్న గాజు వంతెన పలక పగిలి ఒక పర్యాటకుడు చనిపోయాడు. అక్కడ వాడిన గాజు మందం 1.2 సెంటీమీటర్లేనని పోలీసులు చెప్పారు. రికార్డుల పుస్తకంలో పేరు లేని, ప్రచారంలో అంకెలు లేని, పెద్దగా ఎత్తు కూడా లేని వంతెన అది.

దేశంలో

మన దేశంలో గాజు నడకదారి ముందు సిక్కింలో వచ్చింది. పెల్లింగ్‌లో 137 అడుగుల చెన్‌రెజిగ్ విగ్రహం ఎదుట 2018లో తెరిచారు. 2021లో బిహార్ రాజ్‌గిర్ కొండల్లో ఒకటి, 2023 సెప్టెంబరులో కేరళ ఇడుక్కి జిల్లా వాగమణ్‌లో ఒకటి వచ్చాయి. వాగమణ్‌లో మొదట 500 రూపాయలుగా ప్రకటించిన టికెట్టును జనం గొణిగాక 250కి తగ్గించారు. 2024లో వానలు మొదలయ్యే ముందు దాన్ని మూసి, కొన్ని నెలల తర్వాత తెరిచారు. ఆ మూసివేతను వైఫల్యం అని రాసినవాళ్లున్నారు, నా లెక్కలో అది వాగమణ్ చేసిన మంచి పని. 2024 డిసెంబరు 30న కన్యాకుమారిలో వివేకానంద శిలకూ తిరువళ్లువర్ విగ్రహానికీ మధ్య 77 మీటర్ల గాజు నేల వంతెనను తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. దానికి రెండు ఒడ్లున్నాయి, అది నిజమైన వంతెన.

విశాఖ జనం కొత్త కట్టడాన్ని అనుమానంగా చూడడానికి సొంత కారణం కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్ దగ్గర నీళ్ల మీద తేలే వంతెన ప్రారంభించిన మర్నాడే దాని చివరి భాగం విడిపోయి కనిపించింది. అది పరీక్ష కోసం తామే విడదీసినదని అధికారులు వివరణ ఇచ్చారు. వివరణ నమ్మినవాళ్లు నమ్మారు. కానీ ఆ వీడియో ఊరంతా చూసింది. అందుకే కైలాసగిరి వంతెన గురించి మొదట వినిపించే ప్రశ్న టికెట్టు ఎంత అని కాదు, గట్టిదేనా అని.

లోయ ఎక్కడ

గాజు నడకదారి అనగానే కింద లోయ ఉండాలన్న భావం గ్రాండ్ కాన్యన్ నుంచి వచ్చింది. కైలాసగిరిలో లోయ లేదు. కొండ వాలు, దాని కింద చెట్లు, బీచ్ రోడ్డు, ఇసుక, అలలు. తెలుగు నేల మీద నిజమైన లోయ చూడాలంటే కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర గండికోటకు వెళ్లాలి. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పారిన చోటు అది. గండి అనే మాటలోనే ఆ కోత ఉంది. ఎర్రటి బండలు పలకలు పలకలుగా పేర్చినట్టు నిలువునా నిలబడి ఉంటాయి. అంచున పెమ్మసాని నాయకుల కోట, మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. కేంద్రం సాయంతో 77.91 కోట్ల రూపాయల పర్యాటక అభివృద్ధి పథకం మంజూరైంది.

అక్కడ మనిషికీ లోయకూ మధ్య గాజు లేదు. బండ అంచున కూర్చుంటే కింద నది. అందం అక్కడ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే, కాలు జారితే ఆపేది ఏదీ లేదు. గండికోటను చూసినవాళ్లకు కైలాసగిరి గాజు కాస్త బొమ్మలా అనిపించవచ్చు. కానీ కర్ర పట్టుకుని నడిచే పెద్దావిడ గండికోట బండల మీద అంచు దాకా పోలేదు, గాజు నేల మీద మనవడి చేయి పట్టుకుని కొస దాకా వెళ్లగలదు. గాజు నడకదారిలో నేను మెచ్చే గుణం అదొక్కటే, అది చిన్న గుణం కాదు.

చూడబోయేవారికి

కొస దగ్గర నిలబడి దక్షిణానికి తిరిగితే నగరం వంపు, దాని చివర నౌకాశ్రయానికి కాపలా కాస్తున్నట్టున్న డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో మొదలైన రేవు ఆ కొండ చాటునే ఉంది. లోపలికి పిలుపు కోసం బయట సముద్రంలో లంగరేసి ఎదురు చూసే ఓడలు ఇక్కడి నుంచి బొమ్మల్లా వరసగా కనిపిస్తాయి. ఉత్తరాన సాగర్ నగర్, రుషికొండ. పాదాల కిందికి చూస్తే తెన్నేటి పార్కు వైపు రాళ్ల మీద నురగ. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి కొట్టుకొచ్చి బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా తగులుకున్నది ఆ పక్క రాళ్లకే.

పొద్దున్న వెళ్తే సూర్యుడు సముద్రం మీద ఎదురుగా ఉంటాడు, గాజు మెరుస్తుంది, కింద ఏమీ సరిగ్గా కనిపించదు. మధ్యాహ్నం దాటాక కొండ నీడ వాలు మీద పడే వేళ కిందికి చూపు బాగా ఆనుతుంది. వాన తడి ఉన్న గాజు జారుతుంది. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, కళ్లు తిరిగే బాధ ఉన్నవారు దూరంగా ఉండడం మంచిది. మొదటి అడుగు దగ్గర ఆగిపోయినవాళ్లను చేయి పట్టి లాగకండి. రైలింగు వైపు నడవనివ్వండి, కళ్లు ఓడల మీద పెట్టమనండి. గాజు మీద ఎగిరి దూకేవాళ్లుంటారు, పక్కవాడి భయాన్ని వినోదం చేసుకునేవాళ్లు. వాళ్లను సిబ్బందికి చూపించండి.

గేటు దగ్గర నలభై మంది లెక్క దాటనివ్వకుండా ఆపితే, ఇంకో అరగంట క్యూలో నిలబడండి. గాలి ఎక్కువగా ఉందని మూసిన రోజున టికెట్టు డబ్బు కోసం వాదించవచ్చు, తెరవమని మాత్రం వాదించకండి. ద్వారకా నగర్ కాంప్లెక్సు నుంచి 10కె బస్సు రేపు కూడా వస్తుంది.